సౌరఫలకములకు తగిన తూము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు పుస్తకమెంత ముఖ్యమో, సాయంకాలము ఆ పుస్తకముపై పడు వెలుతురును అంత ముఖ్యము. పగలంతయు పొలమున శ్రమించువారికి చదువుకొను తీరిక దీపములు పెట్టిన పిమ్మటనే దొరకును. ఆ వేళకే కరెంటు పోయినచో పఠనమందిరము మూతపడవలసినదే. కావున సౌరఫలకములను, బ్యాటరీని అమర్చుకొనవలెనను ఆలోచన పల్లె గ్రంథాలయములకు కలుగుట సహజము. అయితే ఫలకములు కొనుట ఒక ఎత్తు, వాటిని చార్జి కంట్రోలరునకు సరిపోవునట్లు లెక్క కట్టుట మరియొక ఎత్తు. ఆ లెక్క తప్పినచో చందాదారుల సొమ్ము ఒక్క ఉదయముననే బూడిదపాలు కాగలదు.

త్రిపురారపు రైతులకు ఈ విషయము నీటి భాషలో చెప్పిన సులభముగా బోధపడును. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, క్రింద సేద్యము చేయువారికి తూము విలువ తెలియనిది కాదు. నీటిమట్టపు ఎత్తు వంటిది వోల్టేజి. పారెడు నీటి పరిమాణము వంటిది కరెంటు. దీనిని ఆంపియర్లలో కొలుతురు. రెంటిని గుణించగా వచ్చునవి వాట్లు. ఫలకము కాలువ, బ్యాటరీ మడి, కంట్రోలరు ఆ రెంటి నడుమ నున్న తూము.

తూము సన్నమైనచో నీరు తగ్గి పారును, నష్టము స్వల్పము. నీటిమట్టము గట్టును మించినచో గట్టే తెగును. కంట్రోలరు సంగతియు ఇట్టిదే. ఎం.పి.పి.టి. రకపు మంచి కంట్రోలరు ఫలకముల శక్తి తన ఆంపియర్ల హద్దును మించినపుడు తాను మోయగలిగినంతనే గ్రహించి తక్కినది విడిచిపెట్టును. వోల్టేజి హద్దును మించినచో మాత్రము అందలి భాగములు కాలిపోవును.

ఒక చిన్న గ్రంథాలయమును ఉదాహరణముగా తీసికొందురుగాక. 10 వాట్ల దీపములు ఆరు, దినమునకు 5 గంటలు. 30 వాట్ల పంకాలు నాలుగు, 8 గంటలు. 60 వాట్ల కంప్యూటరు ఒకటి, 4 గంటలు. ఇవి వరుసగా 300, 960, 240; మొత్తము 1500 వాట్-గంటలు. తీగలలోను, బ్యాటరీలోను, వేడిమివలనను పోవునది నూటికి 30 అనుకొన్నచో, ఫలకములు సుమారు 2150 వాట్-గంటలు ఈయవలెను. మబ్బు కాలమునను దినమునకు నిండు ఎండ 4 గంటలకు సమానముగా లభించునని లెక్కించినచో, 330 వాట్ల ఫలకములు రెండు, అనగా 660 వాట్లు, చాలును. బ్యాటరీ 24 వోల్టులదైనచో, చార్జి అగునపుడు దాని వోల్టేజి 27 ప్రాంతమున నుండును. 660ని 27చే భాగించగా 24 ఆంపియర్లకు కొంచెము పైన వచ్చును. కావున 30 ఆంపియర్ల కంట్రోలరు తగినది.

ఇక వోల్టేజి. ఫలకము వెనుక అంటించిన చీటీపై వి.ఓ.సి. అను అక్షరముల ప్రక్కన ఒక అంకె యుండును. ఏమియు కలుపకుండ నున్నపుడు ఫలకము చూపు వోల్టేజి అది. 330 వాట్ల ఫలకమునకు అది 46 వోల్టులనుకొందురుగాక. ఈ అంకె ఫలకము 25 డిగ్రీల వేడిమిలో నున్నప్పటిది. డిగ్రీ తగ్గినకొలది ఇది నూటికి సుమారు 0.3 వంతున పెరుగును. జనులు ఎండాకాలమునకు భయపడుదురు గాని, కంట్రోలరునకు ప్రమాదము చలికాలపు ఉదయముననే. రాత్రియంతయు చల్లబడిన ఫలకముపై తొలి ఎండ పడగానే వోల్టేజి శిఖరమునకు చేరును. 10 డిగ్రీల చలిలో ఒక్కొక్క ఫలకము 48 వోల్టులు చూపును. రెంటిని శ్రేణిలో, అనగా ఒకదాని వెంట నొకటి, కలిపినచో 96 వోల్టులు. 100 వోల్టుల హద్దుగల కంట్రోలరునకు ఇది గట్టు అంచు వరకు నిండిన చెరువు వంటిది.

అట్లయిన రెంటిని సమాంతరముగా కలుపరాదా యని కొందరు అడుగుదురు. అపుడు చలికాలమున భయము లేదు గాని వేసవిలో చిక్కు వచ్చును. నల్లగొండ సీమ ఎండలలో డాబాపై నున్న ఫలకము 65 డిగ్రీలకు కాగగలదు. ఆ వేడిమిలో, పనిచేయునపుడు 37.5 వోల్టులు ఈయవలసిన ఫలకము 31.5 ప్రాంతమునకు దిగును. 24 వోల్టుల సీసపు బ్యాటరీ నిండుటకు సుమారు 28.8 వోల్టులు కావలెను. బ్యాటరీ కంటె ఐదు వోల్టులు అధికముగా నుండిననే పని ప్రారంభించు కంట్రోలర్లును కలవు. నిండు ఎండ కాయుచుండగా బ్యాటరీ నిండకుండుట ఈ కారణముననే సంభవించును. శ్రేణిలో కలిపినచో అదే వేడిమిలోను 63 వోల్టులు లభించును.

కావున ఈ గ్రంథాలయమునకు సరియైన ఏర్పాటు ఇది: రెండు ఫలకములు శ్రేణిలో, 150 వోల్టుల, 30 ఆంపియర్ల కంట్రోలరు. తరువాత దాత ఎవరైన మూడవ ఫలకము నిచ్చినచో సంతోషించి దానిని అదే వరుసలో చేర్చరాదు. చలిలో 144 వోల్టులై మరల గట్టు అంచునకు వచ్చును. దానము జతగా స్వీకరించి, రెండవ వరుసను మొదటిదానికి సమాంతరముగా కలుపుట మేలు. అప్పుడును కంట్రోలరు తయారుచేసినవారు విధించిన కరెంటు హద్దులను చూడవలెను. చౌకయగు పి.డబ్ల్యు.ఎం. రకపు కంట్రోలరు ఇచ్చట తగదు. అది ఫలకమును బ్యాటరీ వోల్టేజికే దింపి అధికమైనదానిని వృథా చేయును. అమర్చునపుడు ముందు బ్యాటరీని, పిమ్మట ఫలకములను కలుపవలెను; విప్పునపుడు ముందు ఫలకములను తీయవలెను.

సూర్యుడు బీదయని, ధనికుడని చూడక వెలుగు నిచ్చును. దానిని నిలువ చేసికొనుటకు మాత్రము లెక్క కావలెను. గ్రంథాలయ కార్యవర్గమువారు వస్తువులు కొనుటకు పూర్వమే రెండు అంకెలు, అనగా అత్యధిక చలిలో ఫలకముల వోల్టేజి, అత్యధిక ఎండలో వాటి వోల్టేజి, కాగితముపై వ్రాయించి సభ్యులకు చూపుదురుగాక. మొదటి అంకె కంట్రోలరు హద్దునకు చాల దిగువను, రెండవది బ్యాటరీకి చాల ఎగువను ఉన్ననాడు పఠనమందిరమున దీపము నిశ్చింతగా వెలుగును.