ఇథియోపియాలో టైమెంత?

ఈ ఎపిసోడ్‌లో ఇథియోపియా గురించి మాట్లాడుకుందాం. ఆ పేరు చెప్పగానే మనలో చాలామందికి ఇప్పటికీ కరువే గుర్తొస్తుంది. 1984 నాటి ఆ ఎముకల గూళ్ల ఫొటోలు మన బుర్రలోంచి పోలేదు. నాకూ పోలేదు, 2019 జనవరిలో అక్కడ దిగేదాకా.

అడిస్ అబాబాలో దిగగానే చలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెటర్ పెట్టుకోలేదు నేను. ఆ ఊరు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే దాదాపు మన ఊటీ అంత ఎత్తు.

రెండో రోజు బస్సు మిస్సయ్యాను. టికెట్ మీద 12 గంటలు అని ఉంది. పదకొండున్నరకే బ్యాగు భుజాన వేసుకుని వెళ్లాను. బస్సు లేదు. ఎప్పుడో పొద్దున్నే వెళ్లిపోయింది. వాళ్ల 12 అంటే మన ఉదయం 6! అక్కడ లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. మన 7 గంటలు వాళ్లకి 1. మన పెద్దవాళ్లు ఘడియలు లెక్కపెట్టింది కూడా సూర్యోదయం నుంచే కదా, మనం మర్చిపోయాం, వాళ్లు మర్చిపోలేదు. క్యాలెండరూ అంతే. 30 రోజుల నెలలు 12, పైన 5 రోజుల బుల్లి నెల ఒకటి, లీపు సంవత్సరమైతే 6 రోజులు. మొత్తం 13 నెలలు. సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. అంటే అక్కడ దిగగానే నా వయసు కూడా తగ్గిందన్నమాట.

డబ్బులు పోయాయని మండిపడుతూ పక్కనే ఉన్న కాఫీ కొట్టులో కూర్చున్నాను. కాఫీ పుట్టిందే ఆ దేశంలో. నేల మీద పచ్చగడ్డి పరిచారు. ఒకావిడ పచ్చి గింజలు బొగ్గుల మీద వేయించి, ఆ పొగని మా అందరి ముందుకీ తెచ్చి వాసన చూపించింది. పక్కన సాంబ్రాణి. దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి, చిన్న చిన్న కప్పుల్లో పోసింది. ఒకటి తాగి లేవబోయాను. పక్కనున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మూడు విడతలు తాగాలట. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన. దీవెన తీసుకోకుండా లేచిపోతే ఎలా?

ఆయన అడిగాడు, "ఇండియానా? టీచరువా?" అని. కాదన్నాను. తనకి చిన్నప్పుడు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారేనట. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మనవాళ్లు చాలామంది అక్కడి బడుల్లో పాఠాలు చెప్పారు. "లెక్క తప్పితే చెవి మెలిపెట్టేవాడు" అని చెవి పట్టుకుని చూపించి నవ్వాడు. ఆ తర్వాత చాలా మామూలుగా అడిగాడు, "ఆయన బతికే ఉన్నాడా? నీకు తెలుసా?" అని. నూటముప్పై కోట్ల మందిలో ఒక మాస్టారు! ఏం చెప్పను? వాళ్ల గురించి నా బుర్రలో ఉన్నది కరువు ఫొటో. మన గురించి ఆయన దాచుకున్నది ఒక మాస్టారిని. సిగ్గేసింది నాకు.

తిండికి భయపడకండి. టెఫ్ అనే సన్నగింజ పిండిని పులియబెట్టి ఇంజెరా పోస్తారు. పెద్ద దోసె అనుకోండి, పులుపు కాస్త ఎక్కువ. బుధ, శుక్రవారాలు చాలామందికి ఉపవాసం, మాంసం, పాలు ముట్టరు. ఆ రోజుల్లో 'బెయైనెతు' అడిగితే ఇంజెరా మీద నాలుగైదు రకాల పప్పులు, కూరలు వేసిస్తారు. అందరిదీ ఒకే పళ్లెం. ఇష్టమైనవాళ్లకి ముద్ద చేసి నోట్లో పెడతారు, దాన్ని గుర్షా అంటారు. మా అమ్మమ్మ తర్వాత నాకు ముద్ద పెట్టింది ఆ పెద్దాయనే.

లాలిబెలా గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కొండరాయిని పైనుంచి కిందికి తొలిచి చేసిన 11 చర్చిలు. ఎల్లోరా కైలాసం చూసినవాళ్లకి ఆ పద్ధతి తెలుసు. తేడా ఏంటంటే ఇక్కడ పూజ ఆగలేదు. వాళ్ల క్రిస్మస్ జనవరి 7న. ఆ రాత్రి తెల్లటి నూలుబట్టలు కప్పుకుని వేలమంది రాతి అంచుల మీద నిలబడి పాడుతున్నారు. నేనూ తెల్లారేదాకా అక్కడే ఉన్నాను.

కానీ కళ్లు మూసుకుని వెళ్లిపోండి అని చెప్పను. 2020 నవంబర్‌లో టిగ్రేలో యుద్ధం మొదలై రెండేళ్లు సాగింది. 2021లో లాలిబెలా కూడా చేతులు మారింది. 2023లో అంహారా ప్రాంతంలో మళ్లీ కాల్పులు. నన్ను తిప్పిన గైడ్ కుర్రాడు ఆ రెండేళ్లూ ఒక్క మెసేజ్‌కీ జవాబివ్వలేదు. తర్వాత ఒకరోజు వాడి చంటిపిల్ల ఫొటో వచ్చింది, మాటలేం లేవు. టూరిస్టులు రాక ఎలా బతికారో నేనూ అడగలేదు. కాబట్టి టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా 10 రోజుల ముందే వేయించుకోండి, ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది.

ఇంకొకటి. బస్సు టికెట్ చేతికివ్వగానే అడగండి, హబేషా టైమా, ఫెరెంజి టైమా అని. హబేషా అంటే వాళ్లు. ఫెరెంజి అంటే మనం.