బండి యిరుసులకును గానుగలకును ఆముదపు కందెన



బండి నడచునపుడు ఇరుసు కీచుమని మొరపెట్టినచో ఇనుము ఇనుమును తినుచున్నదని గ్రహింపవలెను. ఆ రాపిడివలన ఇరుసు అరిగిపోవును. చక్రము వదులై ఊగులాడును. ఎద్దులకు శ్రమ హెచ్చును. ఇరుసు మార్పించుటకగు వ్యయముతో పోల్చినచో కందెన వెల స్వల్పమే. అయినను ఇంటనున్న యే నూనెయైనను సరిపోవునని తలచుట పొరపాటు.

కందెన చేయు పని యేమి? రెండు లోహముల నడుమ పలుచని పొరవలె నిలిచి, అవి యొకదానినొకటి తాకకుండ చేయుటయే. ఆ పొర బరువునకు చెదరరాదు. గాలికి ఆరి బంక కారాదు. అవిసెనూనెయు కుసుమనూనెయు గాలి సోకిన కొలది ఆరి గట్టిపడును. అవిసెనూనె తలుపుల రంగులకు పనికివచ్చుట ఈ గుణముచేతనే. ఇరుసునకు పనికిరాకుండుటయు ఈ గుణముచేతనే. నువ్వులనూనె వీనికంటె కొంత మేలుగాని, కాలము గడచిన కొలది అదియు జిగురెక్కును. కొబ్బరినూనె చలిరాత్రులలో పేరుకొనును.

ఆముదము అట్లు గాదు. దానిలోని కొవ్వు ఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లవరకు రిసినోలిక్ ఆమ్లమే. అందుచేతనే అది మిక్కిలి చిక్కనై, లోహమును అంటిపట్టుకొని, బరువు క్రిందను నిలుచును, త్వరగా ఆరదు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధములో కొన్ని విమానపు ఇంజనులకు దీనినే పోసిరి. పెట్రోలులో ఇది సులభముగా కరగకుండుట అందుల కొక కారణము. తెలంగాణపు మెట్టచేలలో చిరకాలముగా పండిన ఆముదముల నూనె గుణమిట్టిది.

పాత కందెనపై క్రొత్తది పూయరాదు. దుమ్ముతో కలిసిన పాత కందెన ఆకురాయివలె ఇనుమును అరుగదీయును. కావున బండిని ఆనించి, చీల తీసి, చక్రము నూడదీసి, ఇరుసును చక్రపు నడిమి గొట్టమును కిరసనాయిలుతో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మట ఆముదము పట్టింపవలెను. గడ్డిమసి కలుపువారు దానిని వస్త్రఘాళితము చేయవలెను. అందలి రవ్వలు ఇనుమును గీయును.

చెరకు గానుగ ఇరుసులకును ఆముదము తగినదే. అదనపు నూనెను తుడిచివేసి, రసములో పడకుండ చూడవలెను. కనరు వాసన వేయు నూనెలో ఆమ్లము హెచ్చును. అది ఇత్తడి భాగములకు చిలుము పట్టించును గనుక వాడరాదు.

ఆయిలు ఇంజనులలో మాత్రము ఆముదము పోయరాదు. అధికమైన వేడికి అది జిగురై పిస్టను వలయములను బిగియించును. నాటి విమానపు ఇంజనులను తరచు విప్పి శుభ్రపరచుచుండిరి. పొలమున నీరు తోడు ఇంజనుకు అది సాధ్యము గాదు. దానికి తయారుచేసినవారు చెప్పిన నూనెనే వాడవలెను.

నూనె గుణము తెలియనిచో శుభ్రమైన ఇనుపరేకుపై పలుచగా పూసి, దుమ్ము పడకుండ వారము దినములు ఎండలో నుంచి వ్రేలితో తాకి చూడవలెను. బంకవలె అంటుకొన్నచో అది కందెనకు తగదు. జారుచున్నచో తగును.

ఇరుసు మొరపెట్టక మునుపే కందెన పెట్టుట రైతునకు లాభము, ఎద్దులకు సుఖము.