మన్యపు భూముల లెక్క యెవరిచేత నుండవలెను?



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు ముచ్చటించుట మన మహాసభల వాడుక. నేను నేడు మన్యపు భూములను గూర్చి విన్నవింపగోరుచున్నాను. ఇది మనకేల యని కొందరనవచ్చును. మనవారిలో కొందరికి అచ్చట సాగు గలదు. కావున నిది మన విషయమే.

గిరిజనుల భూములు అధికారి యనుమతి లేనిదే యితరుల పాలు కారాదని 1917లోనే మద్రాసు ప్రభుత్వమువారు శాసించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 1959లో చేసిన రెగ్యులేషను 1970లో మరింత బిగింపబడెను. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు అమ్మినను చెల్లదు. గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే మొదట నెంచవలెను. కాదని నిరూపించు భారము స్వాధీనదారునిదే. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లను గూర్చిన సమత వ్యాజ్యములో 1997లో ఆ న్యాయస్థానమే ప్రభుత్వమును సైతము ఈ నిషేధమునకు లోబడిన 'వ్యక్తి'గా నెంచినది.

చట్టమింత గట్టిదైనను భూమి యెట్లు జారుచున్నది? ఇతరుల కథ చెప్పను, మా యింటి కథయే చెప్పెదను. 1978లో మా మేనమామగారి వెంట నేనొక మన్యపు గ్రామమునకు పోయితిని. పసుపు పంటమీద అప్పు తీసికొన్న కొండదొర రైతొకడు బాకీ తీర్పలేక యుండెను. చదువుకొన్నవాడనని కాగితము నాచేతనే వ్రాయించిరి. అతడు వ్రేలిముద్ర వేయుటకు ముందు, 'బాబూ, ఒక్కమారు చదివి వినిపించు' మనెను. నేను మూడేండ్ల కౌలని చదివితిని. వ్రాసినది శాశ్వత విక్రయము.

తెల్లకాగితము రిజిస్టరు కాలేదు, కానేరదు. అడంగలులో ఏటేట అతని పేరే పడుచుండెను. దున్నినది మాత్రము మా పాలేరు. తనిఖీకి వచ్చిన యధికారి పుస్తకము చూచి తృప్తిపడి వెడలిపోవుచుండెను. ఊరిలో పసిబాలునకు సైతము నిజము తెలియును. వారిని అడిగినవారు లేరు.

నేడు ఆకాశమునుండి పటములు తీయుచున్నారు. పటము చేను పచ్చగా నున్నదని చెప్పును. ధాన్యమెవరి గాదెకు చేరుచున్నదో చెప్పదు. ఆ సంగతి గ్రామమే చెప్పవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ మార్గమును కొంత తెరచినది. హక్కుల నిర్ణయము గ్రామసభతో మొదలగును. వృద్ధుల వాఙ్మూలము, శ్మశానములు, దేవతా స్థలములు, పాత బావులు సాక్ష్యములుగా నంగీకరింపబడును. పొరుగున ఒడిశాలోని నియమగిరిపై బాక్సైటు త్రవ్వకమును 2013లో పండ్రెండు గ్రామసభలు తిరస్కరించినవి. తమ కొండ యెల్లలు తామెరిగినవారు గనుకనే అట్లు పలుకగలిగిరి.

అయితే ఒక హెచ్చరిక. ఊరివారు సేకరించిన వివరములన్నియు బజారున పెట్టదగినవి కావు. ఏ పోడు ఎవరిదో, ఎవరు బినామీగా దున్నుచున్నారో గ్రామసభలో, వారి భాషలో, బిగ్గరగా చదువబడవలెను. మూలికలు దొరకు చోటు, దేవతల తోపు, రాతిలోని ఖనిజపు జాడ వారి యనుమతి లేక బయటికి పోరాదు. మేలుకోరి గీసిన పటమే గనుల వ్యాపారికి దారి చూపవచ్చును. ఏది చెప్పవలెనో, ఏది దాచవలెనో నిర్ణయించువారు భూమిగలవారే. సాయపడ వచ్చిన మనము కాము.

రెవెన్యూశాఖలో పనిచేయు మన యువకులు సెలవుదినములలో ఆ గ్రామములకు పోయి అడంగలును ఉన్నదున్నట్లు చదివి వినిపింతురుగాక. మన్యములో బినామీ సాగు గల సభ్యులు సర్వే నంబర్లతో జాబితా వ్రాసి ఆయా గ్రామసభలకు పంపవలెనని విషయనిర్ణయ సభకు ఒక తీర్మానమిచ్చియున్నాను. నిన్న రాత్రి అక్కడ కొంత గొడవయు జరిగినది. మేనమామగారు గతించినారు, ఆ మూడెకరములు వారి కుమారుల అనుభవములో నున్నవి, నాడు వ్రేలిముద్ర వేసినవాని కొడుకు ఆ చేనిలోనే కూలికి పోవుచున్నాడు. బంధువులు నాపై కోపగింతురని యెరుగుదును. అయినను జాబితాలో మొదటి పద్దుగా ఆ సర్వే నంబరునే వ్రాసి, ఆ కాగితమును అధ్యక్షులవారి బల్లపై నుంచినాను.