పక్షి నిలకడ



ఆగస్టు మాసమున ఢిల్లీ మిద్దెలపై పిల్లలెగురవేయు పతంగులకు సాధారణముగా తోకలుండవు. మన పల్లెలలో పసివానికి కట్టియిచ్చు గాలిపటమునకు తోక తప్పదు. తోకగల పటము గాలి ఎట్లు కొట్టినను తనంతట సర్దుకొనును. తోక లేనిది క్షణక్షణము చేతి సాయము కోరును, గాని చెప్పినట్లు తిరుగును. పక్షి ఈ రెంటిలో దేనివంటిది? గాలి విసురునకు ముక్కు పైకి లేచినచో, దేహాకృతియే దానిని మరల దింపునా, ఇంకను ఎత్తునా? శాస్త్రజ్ఞులు నిలకడ అనునది దీనినే.

ఇది ప్రాణముతో కూడిన ప్రశ్న. జర్మనీ దేశస్థుడు ఆటో లిలియెంతాల్ కొంగజాతి పక్షులను పరిశీలించి 1889లో గ్రంథము వెలువరించెను. పిదప తాను చేసికొన్న రెక్కలతో గుట్టలపైనుండి గాలిలో తేలెను. నిలకడకు ఆయనకున్న ముఖ్యసాధనము తన శరీరమును అటునిటు జరుపుకొనుటయే. 1896 ఆగస్టు 9న అది చాలలేదు. పడి, మరునాడు కన్నుమూసెను.

చచ్చిన పక్షిని బల్లపై పరచి కొలుచుట సులభమే, గాని ఆ రెక్క గాలిలోని రెక్క కాదు. ఎగురునపుడు ఈకలు వంగును, రెక్క మెలిపడును. 2019లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ముచ్చటైనది. పక్షికి ఏ గుర్తులు అంటింపక, దాని ఈకలపై ప్రకృతి వేసిన మచ్చలనే ఆధారము చేసికొనిరి. పలు కెమెరాలు ఒకే క్షణమున తీసిన చిత్రములలో ఆ మచ్చలను జతపరచి, మన రెండు కన్నులు దూరమును గ్రహించినట్లు, ఉపరితలపు వంపులన్నియు రాబట్టిరి. రెక్క అంచులకడ మాత్రము కొలత కొంత తప్పును.

వారు కొలిచిన గుడ్లగూబ తేలునపుడు, రెక్కలకంటె తోకయే గాలికి ఎక్కువ కోణమున నిలిచెను. రెక్కల వంపుతో కలిపి చూడగా, ఇది నిలకడలేని ఆకృతి! అట్లయినను అది పడలేదు. ఆదిపక్షులకు పొడవైన తోక నిలకడ నిచ్చెననియు, తరువాతి వానియందు ఆ భారమును నాడీమండలము వహించెననియు జాన్ మేనార్డ్ స్మిత్ 1952లోనే వాదించియుండెను.

బైరి డేగ మాత్రము అంత స్పష్టముగా ఉత్తరమియ్యలేదు. దాని ఆకృతి వేగమునుబట్టి మారుచుండెను. 2022లో ప్రకటితమైన మరియొక పరిశోధన 22 జాతులను లెక్కించి, మోచేయి, మణికట్టు ముడిచియు చాచియు అందు అనేకములు నిలకడనుండి నిలకడలేమికి, తిరిగి నిలకడకు మారగలవని తేల్చెను. ఆ లెక్కలు కళేబరముల కొలతలపై కట్టినవి. ప్రాణమున్న పక్షి ఏ గాలికి ఏ ముడుపు ఎంచుకొనునో కెమెరాయే చెప్పవలెను.