గర్భసంచి ఆపరేషన్ల లెక్క మన పుస్తకంలోనూ ఉండాలి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మా గ్రామ సంఘం తరఫున మేము ఇంకో లెక్క గురించి మాట్లాడతాం. మనలో నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా పోతోందనో వెళ్తాం. "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అంటే భయపడిపోతాం. పిల్లలు పుట్టేశారు, ఇంకా అదెందుకులే అనుకుంటాం. సంఘంలో అప్పు తీసి ఆపరేషన్ చేయించుకుంటాం. తర్వాత నడుం నొప్పి, ఒంట్లో ఆవిర్లు, పనికి పోలేకపోవడం. అప్పు కిస్తీ మాత్రం ఆగదు.

ఇది మన ఊరిదే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్న అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోనే ఎక్కువ. మూడింట రెండు ఆపరేషన్లు ప్రైవేటులోనే జరిగాయి. బడికి పోని ఆడవాళ్లలోనే ఇవి ఎక్కువ. చదువు, అడిగే ధైర్యం లేని చోట కత్తి ముందుకొస్తోందన్నమాట.

అడిగారు కాబట్టే ఇది బయటపడింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద ఒక డాక్టరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా కమిటీ ఉండి ఈ ఆపరేషన్లను చూడాలి. ఆ కమిటీకి ఊళ్ల నుంచి లెక్క పోకపోతే అది దేన్ని చూస్తుంది?

ఆపరేషన్ వద్దే వద్దని మేము అనడం లేదు. క్యాన్సర్ అయితే, మందులకు తగ్గని పెద్ద గడ్డలైతే చేయించుకోవాల్సిందే. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కానీ తెల్లబట్ట చాలాసార్లు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులకు తగ్గుతుంది. రక్తం ఎక్కువ పోవడానికి థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. దానికి మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది.

అందుకని సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి, ఈ ఆపరేషన్‌కి అప్పు అడిగిన సభ్యురాలికి అప్పు ఆపకూడదు. కానీ అత్యవసరం కాకపోతే, ముందు ఆశా కార్యకర్తను తోడు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించుకోవాలి.

రెండు, డాక్టరును మూడు మాటలు అడగాలి: రోగం పేరేంటి, మందులతో తగ్గదా, అండాశయాలు కూడా తీస్తారా? అవి తీస్తే ముట్లు ఒక్కసారే ఆగిపోయి ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

మూడు, ప్రతి గ్రామ సంఘం పేర్లు రాయకుండా వయసు, కారణం, ప్రభుత్వమా ప్రైవేటా, ఖర్చు ఎంత అన్నవి రాయాలి. ఏడాదికోసారి సమాఖ్య ఆ లెక్కను జిల్లా వైద్యాధికారికి ఇవ్వాలి.

రూపాయి రూపాయికి లెక్క రాసే చేతులు మనవి. మన ఒంటికి కూడా లెక్క రాద్దాం. చేతులెత్తి ఆమోదించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.