బండి మీదకి బూట్లు: కొనేముందు నన్నడగండి

పోయిన ఎపిసోడ్‌లో హెల్మెట్ గురించి మాట్లాడుకున్నాం, ఇవాళ కాళ్ళ సంగతి. కూచిపూడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్తున్నాను. మధ్యలో గజ్జెల చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి, పక్కింట్లో పిల్లలు సాధన చేస్తున్నారు. ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి తరంగం ఆడే ఊరు మాది. పాదం విలువ మాకు ఇంకొకరు చెప్పాలా? అయినా నేను ఏళ్ళ తరబడి హవాయి చెప్పులతోనే బండి నడిపాను.

ఒక శ్రావణ మాసంలో చల్లపల్లి వైపు నుంచి కాలవ గట్టు మీద వస్తున్నాను. నల్లమట్టి తడిస్తే ఎలా ఉంటుందో మన డెల్టా వాళ్ళకి చెప్పక్కర్లేదు. స్పీడు ఇరవై కూడా లేదండీ. ముందు చక్రం జారింది, బండి ఎడమ కాలి మీద పడింది. చీలమండ విరిగి ఆరు వారాలు పిండికట్టు. బండికి మాత్రం గీత కూడా పడలేదు!

అప్పుడు బూట్లు కొన్నాను. అక్కడా తప్పు చేశాను. తగ్గింపు ధరలో ఎప్పటిదో పాత సరుకు దొరికితే సంబరంగా తెచ్చి, పాడవుతాయేమోనని రెండు వర్షాకాలాలు అట్టపెట్టెలోనే దాచాను. తర్వాత శ్రీశైలం బయల్దేరాను. దోర్నాల దాటి ఘాట్‌లో టీకి ఆగి, కాలు కింద పెట్టేసరికి సోల్ పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. ఎండిపోయిన మట్టిగోడలాగ! ట్యూబు ముక్కతో బూటుని కట్టుకుని కొండ ఎక్కాను.

ఎందుకలా అయిందంటే, చాలా బూట్ల సోల్‌లో పాలీయురిథేన్ అనే మెత్తటి పదార్థం ఉంటుంది. గాలిలో తేమ తగిలి అది ఏళ్ళ మీద లోపల్లోపలే విడిపోతుంది. దీన్ని హైడ్రాలసిస్ అంటారు. వాడకుండా దాచిపెట్టినా ఆగదు. మనది సముద్రం దగ్గరున్న ఊరు, తేమకి కొదవ లేదు. అందుకని పాత స్టాకు చవగ్గా వచ్చినా వద్దండీ, తయారీ తేదీ అడగండి. రబ్బరు సోల్, అదీ కుట్టుతో ఉన్నది దొరికితే మరీ మంచిది. అరిగితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొత్త సోల్ వేయించుకోవచ్చు.

ఇక షాపులో చూడాల్సినవి. లోపల చీటీ మీద బండి నడిపే మనిషి బొమ్మ, ఈఎన్ 13634 అనే యూరప్ ప్రమాణం నంబరు ఉన్నాయేమో చూడండి. పక్కన 1, 2 అని అంకెలుంటాయి. బూటు ఎత్తు, రోడ్డు మీద రాపిడికి ఆగడం, కోతకి ఆగడం, పక్కల నుంచి నొక్కితే నలగకపోవడం, వీటికి వేసిన మార్కులవి. నా కాలు విరిగిన పద్ధతికి ఆ చివరిదే ముఖ్యం. చీటీ లేకపోతే మడమ ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టుకుని తువ్వాలు పిండినట్టు తిప్పండి. సులువుగా మెలి తిరిగిందా, అది నడకకి పనికొచ్చే బూటే గాని బండికి కాదు.

సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. మీరు వేసుకునే మేజోళ్ళు పట్టికెళ్ళండి. లేసులుంటే వాటిని కప్పే పట్టీ ఉండాలి. లేసు ఉచ్చు వెళ్ళి గేర్ రాడ్‌కి తగులుకుంటే, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టలేక బండితో సహా పడతాం. బూటు ముందు భాగం లావుగా ఉండి గేర్ రాడ్ కిందకి దూరకపోతే బూట్లు మార్చెయ్యకండి. మెకానిక్ రాడ్ విప్పి ఒక పన్ను పైకి బిగిస్తాడు, ఐదు నిమిషాల పని.

వాటర్‌ప్రూఫ్ సంగతి. నా మాట కొందరికి నచ్చదు. ఒకే జత కొనేవాళ్ళయితే, మన వైపు గాలి ఆడే బూట్లే నయం. మేలో వాటర్‌ప్రూఫ్ వేసుకుని బెంజి సర్కిల్‌లో నిలబడితే కాళ్ళు ఆవిరి కుడుములే. మోకాలి దాకా ఉండే రేసు బూట్లూ అంతే. నాలుగు రోజులు వేసి అటక మీద పెడతాం, పామర్రు దాకానే కదా అని మళ్ళీ చెప్పులేస్తాం. నేను పడింది కూడా అలాంటి దగ్గర ప్రయాణంలోనే. చీలమండ దాటి నాలుగు వేళ్ళ ఎత్తుంటే రోజూ వేసుకోబుద్ధవుతుంది. తడిస్తే పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే తోలు బిగుసుకుని పగుళ్ళిస్తుంది. తడి తడిగా మూల పడేస్తే బూజు.

మొన్న మా ఊరి కుర్రాడొకడు అడిగాడు, "అన్నయ్యా, పొలానికేసుకునే గమ్ బూట్లు చాలవా?" అని. బురదకి చాలతాయిరా అబ్బాయ్, చీలమండ దగ్గర మాత్రం చేత్తో నొక్కి చూడు అన్నాను. నొక్కాడు. రెండు వైపులూ అతుక్కుపోయాయి.

వచ్చే వారం రెయిన్‌కోట్ల గురించి చెప్పుకుందాం. ఉంటానండీ.