గుండుసూది చెప్పిన సాక్ష్యం



జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1929లో ‘ఎమిల్, డిటెక్టివులు’ అనే బాలల నవల వెలువరించారు. కేశాలంకరణ చేసి ఇల్లు నడిపే తల్లి ఇచ్చిన 140 మార్కులు రైలులో దొంగ పాలవుతాయి. బెర్లిన్ బాలలు వాణ్ణి వెంటాడి పట్టిస్తారు. ఎమిల్ నోట్లను కోటుకు గుచ్చిన గుండుసూది రంధ్రాలే సాక్ష్యమవుతాయి.

ఈ కథను ఏడవ తరగతికి తెలుగులో చెప్పి, అందలి కైసరల్లే వీధిని ఇంటర్నెట్‌లో వెదకమన్నాను. నేటి పటంలో ఆ పేరు లేదు. “వీధీ కల్పితమే” అని పిల్లలు తేల్చారు. “సాక్ష్యమేది?” అన్నాను. మరల వెదకగా, 1950లో అది బుందెసల్లేగా మారినదని తెలిసింది. “మన మహాత్మాగాంధీ రోడ్డూ ఒకప్పుడు సౌత్ పరేడే కదా, తాతగారు చెప్పారు” అన్నదొక బాలిక.

1933 మే 10న బెర్లిన్‌లో నాజీలు కెస్ట్నర్ గ్రంథాలను దహనం చేయగా, ఆయన గుంపులో నిలిచి చూశారని మరొక బాలుడు చదివి వినిపించాడు. తరగతి నిశ్శబ్దమైంది.

తెలుగు మాధ్యమంలో చదివితే లోకం అందదేమోనని మీలో కొందరు నాతో బెంగ వెలిబుచ్చారు. ఆంగ్ల పుటల వద్ద మన పిల్లలు తడబడిన మాట నిజమే; ఆంగ్లమూ శ్రద్ధగా నేర్పుతాము. అయితే “సాక్ష్యమేది?” అని అడగడం వారు తెలుగులోనే నేర్చారు. ఇంటివద్ద మిమ్మల్నీ అడుగుతారు. విసుగుకొనకండి.